లివర్‌పూల్‌కి ఒక్కదాన్నే వీకెండ్ వెళ్తున్నా, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

కోవెంట్రీ_కొత్తమ్మాయి
అందరికీ హాయ్. కోవెంట్రీలో ఎంఎస్సీ చేస్తున్నా. ఏప్రిల్‌లో ఒక శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగొచ్చేలా లివర్‌పూల్ అనుకుంటున్నా. రూమ్మేట్లు అసైన్‌మెంట్లని తప్పుకున్నారు. వాళ్ళ కోసం ఆగితే ఈ దేశంలో బర్మింగ్‌హామ్ దాటేలా లేను. ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళిన అలవాటు లేదు. ప్యూర్ వెజ్, గుడ్డు కూడా తినను. పబ్బులు అక్కర్లేదు. చేతిలో డబ్బు అంతంతే. ఏ ఏరియాలో ఉండాలి, రాత్రి ఎంతవరకు తిరగొచ్చు, ఏది వదిలేసినా పర్లేదు, ఇవి చెప్పండి చాలు. యూట్యూబ్‌లో అందరూ బీటిల్స్, బీటిల్స్ అంటున్నారు. నాకు వాళ్ళ పాటలు సరిగ్గా తెలీవు కూడా. అమ్మకి ఇంకా చెప్పలేదు.

స్లో_ట్రైన్
టికెట్ కంటే ముందు క్యాలెండర్ చూడండి. ఏప్రిల్ అన్నారు కాబట్టి మొదట గ్రాండ్ నేషనల్. ఎయింట్రీలో గుర్రప్పందాలు, గురువారం నుంచి శనివారం దాకా. ఆ మూడు రోజులూ ఊళ్ళో గది దొరకడమే కష్టం, దొరికినా మామూలు రేటుకి రాదు. తర్వాత ఈస్టర్ ఎప్పుడొచ్చిందో చూసుకోండి, పండగ సెలవుల్లోనే రైల్వేవాళ్ళు పట్టాల పనులు పెట్టుకుంటారు. మామూలు ఆదివారాల్లో కూడా ఎక్కడో ఒకచోట రైలు తీసేసి బస్సు వేస్తుంటారు. నేషనల్ రైల్ సైట్‌లో తేదీ కొడితే తెలిసిపోతుంది.

మీకు దారి బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ స్టేషన్లో రైలు మారి లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్ స్టేషన్. మారడానికి పావుగంటకి తక్కువ పెట్టుకోకండి, న్యూ స్ట్రీట్ ప్లాట్‌ఫారాలు కొత్తవాళ్ళని తిప్పి తిప్పి చంపుతాయి. అడ్వాన్స్ సింగిల్, అంటే ముందే కొనే ఒకవైపు టికెట్, చవక, కానీ ఆ రైలుకే చెల్లుతుంది. రెండు రైళ్ళూ ఒకే బుకింగ్‌లో ఉండి, మొదటిది లేటై రెండోది తప్పిపోతే కంగారు పడకండి, స్టేషన్లో చెప్తే తర్వాతిది ఎక్కనిస్తారు. గమ్యానికి అరగంట పైన లేటుగా చేరితే ఆ వైపు టికెట్‌లో సగం, గంట దాటితే మొత్తం వెనక్కి ఇస్తారు. దాన్ని డిలే రిపే అంటారు. అడగాలి, అడక్కపోతే రాదు. మనవాళ్ళలో చాలామంది అడగరు.

రైల్‌కార్డు ఉందా? 16–25 కార్డు పేరు చూసి వయసు దాటిందని వదిలేసేవాళ్ళున్నారు. ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే ఆ వయసు దాటినా ఇస్తారు. టికెట్ మీద మూడో వంతు తగ్గుతుంది.

ఓరుగల్లు_పిల్లగాడు
అక్కా, ఫుట్‌బాల్ ముచ్చట నేను చెప్త. ఆ ఊర్ల రెండు టీములు. ఎర్రోళ్ళు లివర్‌పూల్ టీమ్, వాళ్ళ స్టేడియం ఆన్‌ఫీల్డ్. నీలమోళ్ళు ఎవర్టన్, గుడిసన్ పార్క్ ఇడిసిపెట్టి 2025ల బ్రామ్లీ-మూర్ డాక్ కాడ కొత్త స్టేడియంకి పోయిన్రు. యాభై వేల మందికి పైన పడ్తరు. నువ్వు మ్యాచ్ చూసినా చూడకున్నా నీకు పని పడేదే, ఎందుకంటే దాని దగ్గరి స్టేషన్ శాండ్‌హిల్స్. బీచ్ దిక్కు పోయే రైలు గా శాండ్‌హిల్స్ మీదికెళ్ళే పోతది. మ్యాచ్ ఇడిసినంక అటు పోయినవనుకో, క్యూలనే పొద్దు గూకుతది.

ఆన్‌ఫీల్డ్ టూర్ అంటవా, ఆట పిచ్చి లేకుంటే పైసలు దండగ. నేనైతే ఆడ నిలబడి ఏడ్చిన, గది వేరే ముచ్చట.

కోవెంట్రీ_కొత్తమ్మాయి
బీచ్ ఉందా అక్కడ?? ఇది ఏ వీడియోలోనూ రాలేదు.

నైట్‌డ్యూటీ
ఉందమ్మా. నేను ఇక్కడే నర్సుని. నన్నడిగితే లివర్‌పూల్‌లో ఒక్క చోటికే టైముంటే క్రాస్బీ బీచ్‌కి వెళ్ళమంటాను.

ఒడ్డు పొడవునా దాదాపు రెండు మైళ్ళు, నిలువెత్తు ఇనుప మనుషులు వందమంది సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంటారు. ఆంటొనీ గోర్మ్‌లీ అనే శిల్పి తన ఒంటి అచ్చు తీసి పోత పోయించినవి. అనదర్ ప్లేస్ అని పేరు. 2005లో పెట్టారు, కొన్నాళ్ళే అన్నారు, ఊరివాళ్ళలో కొందరు వద్దన్నారు, చివరికి ఉంచేశారు. ఒక్కొక్కటి 650 కిలోలు. పోటు మీదున్నప్పుడు లోపలివి పూర్తిగా మునుగుతాయి, ఇవతలివి నడుం దాకానో మెడ దాకానో కనిపిస్తాయి. ఆటుకి మళ్ళీ తేలతాయి, ఒళ్ళంతా గుల్లలు పట్టి. ఒక్క పెన్నీ కట్టనక్కర్లేదు. డ్యూటీ దిగాక నిద్ర పట్టకపోతే నేను అక్కడికే పోతాను.

ఒక్క విషయం మాత్రం మాట వినాలి. దూరంగా ఉన్న బొమ్మల దాకా నడవకు. అక్కడ మెత్తటి బురద, కాలు దిగబడిందంటే లాగడం కష్టం, నీళ్ళు వెనకనుంచి చుట్టుకొస్తాయి. టైడ్ టైమ్స్ అని వెతికితే ఆ రోజు వేళలు దొరుకుతాయి. నీరు వెనక్కి తగ్గుతున్న వేళ చూసుకుని వెళ్ళు, ఇవతలి బొమ్మల దగ్గరే ఉండు.

లైమ్ స్ట్రీట్ కింద ఉన్న మెర్సీరైల్ (ఇక్కడి లోకల్ రైలు) ప్లాట్‌ఫారం విరల్ లైన్‌ది, నది అవతలికి పోతుంది. పైకొచ్చి సెంట్రల్ స్టేషన్‌కి ఐదు నిమిషాలు నడిచి సౌత్‌పోర్ట్ రైలెక్కు. వాటర్లూలో దిగినా సరే, బ్లండెల్‌శాండ్స్ అండ్ క్రాస్బీలో దిగినా సరే. ఇరవై నిమిషాల ప్రయాణం. రైల్లో ఎదురు సీటు మీద కాళ్ళు మాత్రం పెట్టకు, దీన్ని ఇక్కడ సీరియస్‌గా తీసుకుంటారు, కోర్టు దాకా పోతుంది.

కాకినాడ_కాజా
ఉండే చోటు గురించి: డబ్బు తక్కువ అన్నావు కాబట్టి హాస్టల్. ఆడవాళ్ళకి విడిగా డార్మ్ ఉన్నది చూసుకో. తాళం సొంతంగా తీసుకెళ్ళు, లాకర్ ఉంటుంది కానీ తాళం చాలాచోట్ల ఉండదు. ఫొటో ఐడీ అడుగుతారు. వంటగది ఉంటుంది, చపాతీలు వేడి చేసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరో ఒకరు పలకరిస్తారు. మొదటిసారి ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి హోటల్ గదిలో నాలుగు గోడల మధ్య రాత్రి ఏడింటికే దిగులు పట్టుకుంటుంది.

నైట్‌డ్యూటీ
కాజా గారితో నేను ఒప్పుకోను. వారాంతం లివర్‌పూల్ అంటే పెళ్ళికి ముందు పార్టీల గుంపులు. హాస్టళ్ళు కూడా వాళ్ళతోనే నిండుతాయి. తెల్లవారుజామున మూడింటికి పక్క మంచం మీదకి తూలుతూ వచ్చే మనిషితో నువ్వు రెండో రోజు ఏం తిరుగుతావు? చెయిన్ హోటళ్ళు నెల ముందు బుక్ చేస్తే మరీ ఖరీదేం కాదు. ఎందులో ఉన్నా సరే, కాన్సర్ట్ స్క్వేర్, సీల్ స్ట్రీట్, మాథ్యూ స్ట్రీట్ చుట్టుపక్కల గది తీసుకోకు. ప్రమాదమని కాదు, నిద్ర ఉండదు. హోప్ స్ట్రీట్ వైపు గానీ ఆల్బర్ట్ డాక్ వైపు గానీ చూడు.

కాకినాడ_కాజా
అక్కా, శుక్ర, శని రెండు రాత్రులకి హోటల్ రేటు ఎంతో ఒకసారి కొట్టి చూడండి. స్టూడెంట్‌కి అది నెల సరుకుల డబ్బు. ఆదివారం రాత్రికైతే మీ మాట ఒప్పుకుంటా, శనివారంలో సగానికి కూడా దొరుకుతుంది. సోమవారం క్లాసు లేకపోతే శని, ఆది రాత్రులు ఉండడం మంచిది.

స్లో_ట్రైన్
కాజా గారి చివరి ముక్క బాగుంది. కానీ మ్యూజియంలు ఇక్కడ సాధారణంగా సోమవారం మూసేస్తారు. వాటిని ఆదివారంలోపే ముగించుకోవాలి.

మాంచెస్టర్_మామ
ఈ దేశంలో డాక్టరుగా పని చేయడానికి రాసే ప్లాబ్ రెండో పరీక్షకి మాంచెస్టర్ వచ్చే మన డాక్టర్లు చాలామంది పరీక్ష అయ్యాక ఒక రోజు లివర్‌పూల్ పోతామని మా ఇంటికొచ్చి అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పేదే మీకూ చెప్తాను. బీటిల్స్ వదిలేయండమ్మా. పాటలు తెలియకపోతే ఆ వీధులు మామూలు ఇళ్ళే. వాళ్ళు పాడిన కావర్న్ క్లబ్ కూడా అసలుది 1973లో మూసి కూలగొట్టారు, ఇప్పుడున్నది 1984లో తిరిగి కట్టింది. బీటిల్స్‌లోని లెనన్, మెకార్ట్‌నీ పెరిగిన ఇళ్ళు నేషనల్ ట్రస్ట్ అనే పాత కట్టడాల సంస్థ చేతిలో ఉన్నాయి, ముందే బుక్ చేసుకున్న వాళ్ళనే మినీబస్సులో తీసుకెళ్ళి లోపల చూపిస్తారు. అప్పటికప్పుడు పోతే గేటు చూసి రావాలి.

దాని బదులు హోప్ స్ట్రీట్ నడవండి. అర మైలు వీధి, ఈ చివర ఒక కతీడ్రల్ (పెద్ద చర్చి), ఆ చివర ఇంకొకటి. ఆంగ్లికన్‌ది, అంటే కాథలిక్కులది కాకుండా ఇంగ్లండ్ సొంత చర్చివాళ్ళది, బ్రిటన్‌లోకెల్లా పెద్దది. గీసిన గైల్స్ గిల్బర్ట్ స్కాట్‌కి పోటీ గెలిచేనాటికి 22 ఏళ్ళు, పైగా అతను కాథలిక్. 1904లో మొదలెడితే 1978కి పూర్తయింది, అప్పటికి అతను పోయి 18 ఏళ్ళు. ఎర్ర టెలిఫోన్ డబ్బా గీసింది కూడా ఆయనే. లోపలికి ఉచితం. టవర్‌కి టికెట్ ఉంది, రెండు లిఫ్టులెక్కాక ఇంకా 108 మెట్లు. అష్టోత్తరం చదువుకుంటూ ఎక్కండి. మబ్బు లేని రోజైతేనే డబ్బు పెట్టండి.

అవతలి చివరది 1967 నాటి కాథలిక్ కతీడ్రల్. బయటినుంచి బోర్లించిన గరాటాకి ముళ్ళ కిరీటం పెట్టినట్టుంటుంది, నాకు ఎన్నడూ నచ్చలేదు. లోపలికెళ్ళాక నోరు మూసుకున్నాను, రంగు అద్దాల వెలుగు అలాంటిది.

ఆంగ్లికన్ కతీడ్రల్ పక్కనే పల్లంలో పాత శ్మశానం ఉంది, ఒకప్పుడు రాతి క్వారీ. 1830లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మార్గం ప్రారంభం రోజున స్టీఫెన్సన్ చేసిన "రాకెట్" అనే రైలింజను కింద పడి చనిపోయిన హస్కిసన్ అనే ఎంపీ సమాధి అక్కడే. మీరు దిగే లైమ్ స్ట్రీట్ స్టేషన్ కూడా ఆ రైలు మార్గం పుణ్యమే. పగలే వెళ్ళండి, చీకటి పడ్డాక అటు వద్దు.

ఓరుగల్లు_పిల్లగాడు
మామా, బీటిల్స్ వద్దంటవా! పాటలు రాకున్నా నది ఒడ్డున పీర్ హెడ్ కాడ వాళ్ళ బొమ్మల పక్కన ఫొటో దిగకుంటే ఇంటికాడ ఎవలు నమ్ముతరు?

మాంచెస్టర్_మామ
ఫొటోకి పైసా ఖర్చు లేదు, దిగమను. నేను వద్దన్నది టూర్‌ని.

కాకినాడ_కాజా
పీర్ హెడ్ వరకు వెళ్తే ఆల్బర్ట్ డాక్ పక్కనే. 1846లో తెరిచారు, ఇటుక, రాయి, పోత ఇనుముతో కట్టారు. సరుకు నిప్పంటుకోకూడదని కట్టడంలో కలప లేకుండా చేశారు. నేను రేవు ఊరివాడిని కాబట్టి గోదాములు చూస్తే ఆగిపోతాను. అమెరికా అంతర్యుద్ధంతో అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు లంకషైర్ మిల్లులు మన దేశపు పత్తి మీద పడ్డాయి, అందులో ఎక్కువ దిగింది లివర్‌పూల్ రేవులోనే. మారిటైమ్ మ్యూజియం, స్లేవరీ మ్యూజియం, టేట్ లివర్‌పూల్ ఆర్ట్ గ్యాలరీ, మూడూ మరమ్మతుల కోసం మూసి ఉన్నాయి. తెరిచారేమో వెళ్ళేముందు చూసుకో. పక్కనున్న మ్యూజియం ఆఫ్ లివర్‌పూల్ ఉచితం. లైమ్ స్ట్రీట్ దగ్గర వాకర్ ఆర్ట్ గ్యాలరీ, వరల్డ్ మ్యూజియం కూడా ఉచితమే. సాయంత్రం ఐదుకల్లా మూసేస్తారు.

గాలికి గొడుగు తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు తీసుకెళ్ళు.

కోవెంట్రీ_కొత్తమ్మాయి
ఇన్ని చెప్పారు, థాంక్యూ అందరికీ. తిండి సంగతి? ఇంకోటి, నవ్వకండి: ఒక్కదాన్నే టేబుల్ దగ్గర కూర్చుని తినడం ఎలా? క్యాంటీన్‌లో కూడా నేను ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తాను.

నైట్‌డ్యూటీ
నవ్వట్లేదు. మొదట మధ్యాహ్నం భోజనంతో మొదలుపెట్టు, ఆ వేళ ఒంటరిగా తినేవాళ్ళే ఎక్కువ. కిటికీకి ఎదురుగా బల్ల ఉన్న చోటు చూసుకో. బోల్డ్ స్ట్రీట్‌కి వెళ్తే వెజ్‌కి లోటు లేదు. మౌగ్లీ అనే చెయిన్ 2014లో పుట్టింది ఆ వీధిలోనే, చాట్, పప్పు దొరుకుతాయి. మన కారం ఆశించకు. ఈ ఊరి వంట స్కౌస్, అంటే మాంసం, బంగాళాదుంపలు వేసిన కూర. మాంసం లేకుండా చేసేదాన్ని బ్లైండ్ స్కౌస్ అంటారు. ఊరబెట్టిన ఎర్ర క్యాబేజీతో పెడతారు. మాంసం రసం కలిపారా అని మాత్రం అడుగు.

శుక్రవారం రైల్లోకి పులిహోర కట్టుకో. చేరేసరికి ఆకలితో హోటల్ వెతుక్కునే పని ఉండదు.

రాత్రి సంగతి. ఏప్రిల్‌లో ఎనిమిది దాకా వెలుతురుంటుంది. పది దాకా ఊరి నడిబొడ్డున జనం బోలెడుంటారు. తాగినవాళ్ళు అరుస్తారు, పాడతారు, నిన్ను పలకరిస్తారు. ఇక్కడివాళ్ళకి నోరెక్కువ, తెలియనివాళ్ళని కూడా "లవ్" అంటారు, తప్పుగా అనుకోకు. టాక్సీ అయితే నల్ల క్యాబ్ రోడ్డు మీద ఆపొచ్చు. మిగతావి యాప్‌లో బుక్ చేసినవే ఎక్కు, నంబరు చూసి. ఎవరైనా వెంటపడి విసిగిస్తే దగ్గర్లోని పబ్‌లోకి వెళ్ళి కౌంటర్ దగ్గర "ఏంజెలా" కావాలని అడుగు, సాయం కావాలని దానర్థం, "ఆస్క్ ఫర్ ఏంజెలా" అంటారు దీన్ని, చాలాచోట్ల ఆ మాట తెలుసు, టాక్సీ పిలుస్తారు. రైల్లో ఇబ్బందైతే 61016కి మెసేజ్ పెడితే రైల్వే పోలీసులకి పోతుంది. ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసుకో.

కాళ్ళు నొప్పెడితే వాకర్ పక్కనే సెంట్రల్ లైబ్రరీ. పిక్టన్ రీడింగ్ రూమ్ అని గుండ్రటి హాలు, పైన టెర్రస్. కూర్చోవచ్చు, బాత్రూమ్ ఉంది, ఎవరూ ఏం కొన్నావని అడగరు.

స్లో_ట్రైన్
ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు ఆరు గంటలే తెరిచి ఉంటాయి. తిరుగు ప్రయాణానికి తినేవి చిన్న కొట్లలో కొనుక్కోండి. బ్యాగు మోసుకు తిరగక్కర్లేదు, చెకౌట్ తర్వాత కూడా హోటల్లో ఉంచుకుంటారు, అడగండి.

మాంచెస్టర్_మామ
అమ్మకి చెప్పి వెళ్ళమ్మా. లొకేషన్ షేర్ చెయ్యి, హోటల్ పేరు పంపు. మా అమ్మాయి చెప్పకుండా పోయినప్పుడు కోపం వచ్చింది ఊరు గురించి కాదు, తర్వాత ఇన్‌స్టాలో చూసి తెలుసుకున్నందుకు.

కోవెంట్రీ_కొత్తమ్మాయి
చెప్పేశా అంకుల్. మొదట "ఒక్కదానివా" అంది, తర్వాత స్వెట్టర్ మర్చిపోకంది. గుర్రప్పందాల వారం వదిలేసి ఇంకో వారం తీసుకున్నా. హోటల్, హోప్ స్ట్రీట్ దగ్గర, సారీ కాజా గారూ. ఆదివారం పొద్దున క్రాస్బీ అనుకున్నా, కానీ ఆ రోజు మధ్యాహ్నం ఎవర్టన్ మ్యాచ్ సొంత గ్రౌండ్‌లో ఉంది. శనివారానికి మార్చాలా?

ఓరుగల్లు_పిల్లగాడు
మార్చు అక్కా. కాకపోతే టీవీ కోసం మ్యాచ్‌ల రోజు, టైము అటిటు జరుపుతుంటరు. వారం ముందు మళ్ళొక్కసారి చూసుకో.

నైట్‌డ్యూటీ
శనివారం పోటు ఎన్నింటికో కూడా చూసి ఇక్కడ పెట్టు. ఆ రోజు నాకు డే ఆఫ్ దొరికితే వాటర్లూ స్టేషన్ దగ్గర కలుస్తాను.