మొదటి కాన్పు: ఊళ్ళో ఉన్న కమ్యూనిటీ ఆసుపత్రి సరిపోతుందా?

అడిగింది: కొత్తగా వచ్చిన జంట

అందరికీ నమస్కారం. మేము అమెరికా వచ్చి అయిదు నెలలైంది. నాది హెచ్‌1బీ ఉద్యోగ వీసా, మా ఆవిడది దాని మీద భార్యకిచ్చే హెచ్‌4. తనకిప్పుడు 29వ వారం, తొలిచూలు. ఇంటికి పది నిమిషాల దూరంలో చిన్న కమ్యూనిటీ ఆసుపత్రి ఉంది. యూనివర్సిటీ వాళ్ళ పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే గంటన్నర డ్రైవింగ్. డాక్టరమ్మ ఇక్కడే చేయిద్దామంటున్నారు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాగితంలో ‘ఫ్యామిలీ సెంటర్డ్ మెటర్నిటీ కేర్’ అని రాసుంది. నొప్పులు, కాన్పు, ఆ తరవాతి విశ్రాంతి అన్నీ ఒకే గదిలోనట, నేను కూడా రాత్రిళ్ళు అక్కడే ఉండొచ్చట. చదువుతుంటే హోటల్ ప్రకటనలా అనిపించింది. అత్తయ్యగారికి వీసా స్లాటు దొరకలేదు, కాబట్టి మాకు మేమే. మా ఆవిడకి ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ హడావుడిలో మాట్లాడాలంటే తడబడుతుంది. డాక్టరు దగ్గర నేనే మాట్లాడేస్తుంటాను. చిన్న ఆసుపత్రిని నమ్మొచ్చా? ముందుగా ఏమేం అడిగి పెట్టుకోవాలి?

జవాబు: ఇద్దరు పిల్లల అమ్మ

తమ్ముడూ, ముందు మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. మా పెద్దమ్మాయి చాలా పెద్ద ఆసుపత్రిలో పుట్టింది, చిన్నవాడు మీలాంటి ఊళ్ళో పుట్టాడు. రెండూ చూసినదాన్ని కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

గది ఎలా ఉంది, నువ్వు పడుకునే సోఫా ఎలా ఉంది అన్నవి తరవాత. మొట్టమొదట అడగాల్సింది అక్కడి పసిపిల్లల వార్డు ఏ లెవెల్‌దని. ఈ దేశంలో పసిబిడ్డల వైద్యానికి నాలుగు లెవెళ్ళున్నాయి. ఒకటో లెవెల్ నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన పిల్లలకు, 35 వారాలు దాటి నిలకడగా ఉన్నవాళ్ళకు. రెండో లెవెల్‌లో 32 వారాలు, కిలోన్నర బరువు దాటిన పిల్లల్ని చూసుకోగలరు. అంతకన్నా ముందే పుట్టినా, పెద్ద సమస్య ఏదైనా ఉన్నా మూడు, నాలుగు లెవెళ్ళున్న చోటికి పంపాల్సిందే. చిన్న ఆసుపత్రులు ఎక్కువగా మొదటి రెండు లెవెళ్ళలోనే ఉంటాయి. అది లోపం కాదు, వాళ్ళ పరిధి. మీ ఆవిడకి బీపీ, షుగరు లేకుండా, కడుపులో ఒక్క బిడ్డే అయి, నెలలు నిండేదాకా సాఫీగా సాగితే అక్కడ చేయించుకోవడానికి నేనైతే వెనకాడను. బీపీ పెరుగుతుంటేనో, మాయ బాగా కిందికి ఉందంటేనో మాత్రం పెద్దాసుపత్రి మాట డాక్టరమ్మ దగ్గర ఇప్పుడే ఎత్తండి.

బిడ్డని తరలించాల్సి వస్తే ఎక్కడికి, ఎవరొచ్చి తీసుకెళ్తారు, తల్లిని కూడా అక్కడికే మారుస్తారా అని అడుగు. నర్సు తడుముకోకుండా చెప్పిందంటే ఆ వార్డుకి ఆ పని అలవాటున్నట్టే. రాత్రి రెండింటికి ఉన్నట్టుండి ఆపరేషన్ చేయాల్సి వస్తే మత్తు డాక్టరు భవనంలోనే ఉంటారా, ఇంటినుంచి రావాలా అన్నదీ అడుగు. ఎపిడ్యూరల్ (నొప్పులు తెలియకుండా నడుము దగ్గర ఇచ్చే మత్తు) కావాలన్నా ఆ డాక్టరే రావాలి. ఇంకో సంగతి, మీరు చూపించుకుంటున్న డాక్టరమ్మే పురుడు పోస్తారని అనుకోకు. ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్ళే. అందుకే మిగతా డాక్టర్లని కూడా ఒక్కసారైనా కలిసి రండి.

ఇక ఆ ‘ఫ్యామిలీ సెంటర్డ్’ మాట. ఒకప్పుడు ఇక్కడ తల్లికి మత్తిచ్చి కాన్పు చేసి, తండ్రిని బయట కూచోబెట్టి, బిడ్డని అద్దాల గదిలో పెట్టి చూపించేవాళ్ళు. దాని మీద తల్లులు, నర్సులు ఏళ్ళ తరబడి పోట్లాడితే వచ్చిన మార్పు ఇది. అన్నీ ఒకే గదిలో జరగడం, బిడ్డ తల్లి పక్కనే ఉండటం, పుట్టగానే తల్లి గుండెల మీద పడుకోబెట్టడం అందులో భాగాలు. అన్నిటికన్నా పెద్ద మార్పేంటంటే, ఏ పని చేసేముందైనా వాళ్ళు మిమ్మల్ని అడుగుతారు. చిక్కంతా అక్కడే. మా పెద్దది పుట్టినప్పుడు నర్సొచ్చి గబగబా ఏదో అంది, నేను ‘ఓకే’ అన్నాను. పుట్టి గంటైనా కాకుండానే బిడ్డని స్నానానికి తీసుకెళ్ళిపోయారు. మన ‘ఓకే’ అంటే ‘విన్నాను’ అని. వాళ్ళ ఫైల్లో అది ‘ఒప్పుకున్నాను’ అయింది. తప్పు ఎవరిదని ఇప్పటికీ తేల్చుకోలేను. చిన్నవాడప్పుడు మాత్రం ఒకే ఒక్క పేజీ రాసి పట్టుకెళ్ళాను: బొడ్డుతాడు వెంటనే కట్ చేయకండి, బిడ్డని ముందు నాకివ్వండి, స్నానం మర్నాడు. నర్సు దాన్ని గది తలుపుకి అంటించింది.

జవాబు: ఒకాయన

నేనైతే గంటన్నర డ్రైవింగ్‌కే ఓటేస్తాను. తొలికాన్పుకి టైముంటుంది. ఏదైనా అయితే చిన్న ఆసుపత్రిలో ఏం చేస్తారు?

జవాబు: ఇద్దరు పిల్లల అమ్మ

అన్నయ్యా, మంచు పడే రాత్రి నొప్పులతో గంటన్నర కారులో కూచునేది మీరు కాదు కదా. బీపీ, షుగరు లాంటివేమైనా ఉంటే మీ మాటే నా మాట. అవేవీ లేనప్పుడు దూరం కూడా ఒక ప్రమాదమే. తమ్ముడూ, ఇంకొకటి మరిచాను. ఈమధ్య చాలా చిన్న ఊళ్ళలో ఆసుపత్రులు ఉంటున్నా కాన్పుల వార్డులు మూసేస్తున్నారు. మీ డ్యూ డేట్ నాటికి అది తెరిచే ఉంటుందా అని మొహమాటం లేకుండా అడిగెయ్.

జవాబు: బాలింతల వార్డు నర్సు

పై అక్క చెప్పినదానికి వార్డులోపలి సంగతులు కలుపుతాను. నేను పనిచేసేది ఇలాంటి ఆసుపత్రిలోనే.

అన్నిటికన్నా ముందు మీ పోస్టు చివర్లో అన్న ఒక మాట. ‘డాక్టరు దగ్గర నేనే మాట్లాడేస్తుంటాను’ అన్నారు. దయచేసి ఆ పని మానండి. ఫెడరల్ ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆసుపత్రులు (మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాల రోగుల్ని చూసేవన్నీ) 1964 పౌరహక్కుల చట్టం కింద, తరవాత వచ్చిన ఒబామాకేర్ చట్టం 1557 సెక్షన్ కింద భాష రానివాళ్ళకి ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి. ఎదురుగా మనిషే రానక్కర్లేదు, ఫోన్లోనో వీడియోలోనో తెలుగు మాట్లాడేవాళ్ళని కలుపుతారు. మీ ఆవిడ ఫైల్లో ‘తెలుగు, ఇంటర్‌ప్రెటర్ కావాలి’ అని ఇప్పుడే రాయించండి. ఆమెకి ఇంగ్లీషు వచ్చినా సరే. నొప్పుల్లో ఉన్నప్పుడు నేర్చుకున్న భాష ముందు పోతుంది. పైగా కొన్ని ప్రశ్నలు భర్త నోటి మీదుగా అడిగేవి కావు. ఇంట్లో భయంగా ఉంటుందా అనీ, మనసెలా ఉంది అనీ మేము అడుగుతాం. మీరు తర్జుమా చేస్తుంటే ఆవిడ ఏం చెబుతుంది?

పుట్టిన మొదటి గంటలో, తల్లీబిడ్డా బాగుంటే, బిడ్డ తల్లి గుండె మీదే ఉంటుంది. ఒకటో నిమిషంలో, అయిదో నిమిషంలో బిడ్డ ఊపిరి, గుండె, రంగు లాంటివి చూసి మేమిచ్చే ఎప్‌గార్ మార్కులకి కూడా బిడ్డని పక్కకి తీసుకెళ్ళక్కర్లేదు. పదికి ఎనిమిదో తొమ్మిదో వస్తే కంగారు పడకండి, అది పరీక్షల ర్యాంకు కాదు. ఆ తరవాత తొడకి విటమిన్ కె ఇంజెక్షన్, కళ్ళకి ఆయింట్‌మెంట్ ఉంటాయి. హెపటైటిస్ బి టీకా గురించి కూడా అడుగుతారు. విటమిన్ కె ఎందుకంటే పసిపిల్లల్లో అది చాలా తక్కువగా ఉండి అరుదుగా మెదడులో కూడా రక్తస్రావం కావచ్చు. వద్దనేముందు పిల్లల డాక్టరుతో మాట్లాడండి.

24 గంటలు దాటాక మడమ మీద చిన్నగా పొడిచి రక్తపు చుక్కలు తీస్తారు. పైకి కనిపించని పుట్టుక జబ్బులకి ఆ పరీక్ష, జాబితా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. వినికిడి పరీక్ష ఉంటుంది. గుండె లోపాలేమైనా ఉన్నాయేమో చూడటానికి చేతికీ కాలికీ ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెడతారు. ఇవన్నీ చాలాసార్లు గదిలోనే, మీ కళ్ళముందే చేయొచ్చు. అడగండి.

పచ్చకామెర్ల గురించి మాత్రం నిలబెట్టి చెబుతాను. మన ఒంటి రంగులో పసుపు తేలిగ్గా కనపడదు. అందుకే కంటికి కాదు, పరికరం చూపించే బిలిరుబిన్ (ఒంటిని పసుపుగా మార్చే పదార్థం) అంకె ఎంతో అడగండి. అది మూడు నుంచి అయిదో రోజు మధ్య ఎక్కువ పెరుగుతుంది, అప్పటికి మీరు ఇంట్లో ఉంటారు. కాబట్టి పిల్లల డాక్టర్ని కాన్పుకి ముందే వెతుక్కుని, ఇంటికెళ్ళిన రెండు మూడు రోజుల్లో అపాయింట్‌మెంట్ ఉండేలా చూసుకోండి. ఎండ చూపిస్తే తగ్గుతుందని ఎవరైనా అంటే దాన్ని నమ్ముకుని ఆగిపోవద్దు. బరువు కూడా మొదట్లో కొంచెం తగ్గుతుంది. పుట్టిన బరువులో పది శాతానికి దగ్గరపడుతుంటే పాలు పట్టే తీరు చూడాలి. ముర్రుపాలు చెంచాడే వచ్చినా ఆ రోజుకి అదే కొలత. పాలు పట్టించే నర్సుని మొదటి రోజే రమ్మనండి, డిశ్చార్జి పూట కాదు.

బిడ్డ గదిలోనే ఉండటం మంచిదే గానీ, రెండు రాత్రులు కన్నుమూయని తల్లి చేతుల్లోంచి బిడ్డ జారిన సంఘటనలు మా వృత్తిలో అందరికీ తెలుసు. నిద్ర ఆగకపోతే బిడ్డని మంచం పక్కనున్న తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టండి. మీరు మేలుకోండి, లేదా నర్సుని పిలవండి. దానికి సిగ్గెందుకు?

జవాబు: హ్యూస్టన్ అన్న

తమ్మీ, కాగితాల ముచ్చట నేను చెప్త.

కంపెనీ ఇన్సూరెన్స్‌ల బిడ్డను 30 రోజులల్ల చేర్పియ్యాలె. చేర్పిస్తే పుట్టిన రోజు కాన్నుంచి కవరయితది. మర్సిపోతే మస్తు తిప్పలు. సాధారణ కాన్పుకు 48 గంటలు, ఆపరేషన్‌కు 96 గంటల కన్న తక్కువకు ఆసుపత్రిల ఉండుడును ఇన్సూరెన్సోళ్ళు కత్తిరియ్యద్దని 1996ల చట్టం వచ్చింది. ముందే పోతమని మీరూ డాక్టరూ అనుకుంటే అది వేరే. బర్త్ సర్టిఫికెట్ ఫారం ఆసుపత్రిలనే ఇస్తరు, సోషల్ సెక్యూరిటీ నంబరుకు టిక్కు గూడ అండ్లనే. పేరు ముందే అనుకోని పోండ్రి. ఇంటిపేరు లాస్ట్ నేమ్ అయితదా, నీ పేరు లాస్ట్ నేమ్ అయితదా, ఇద్దరూ కూసోని తేల్చుకోండ్రి. మా పిల్లగాని పేరు నిద్రమత్తుల రాసినం, సరి జేపిచ్చుకునేసరికి వాడు నడుసుడు నేర్సిండు.

సెలవు గురించి గూడ. ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ (కుటుంబం, ఆరోగ్యం కోసం సెలవిచ్చే ఫెడరల్ చట్టం) 12 వారాలు ఇస్తదని అందరు చెప్తరు గని, అది ఆ కంపెనీల 12 నెలలు, 1,250 గంటలు పనిచేసినోళ్ళకే. నీకు అయిదు నెలలే. కంపెనీ సొంత పాలసీ ఏముందో హెచ్‌ఆర్‌ను ఇప్పుడే అడుగు. కారు సీటు 36 వారాలకే బిగించిపెట్టు, వెనక్కి తిరిగి ఉండాలె. అది లేకుంటే ఇంటికి పంపరు.

జవాబు: బాలింతల వార్డు నర్సు

ఇంటికెళ్ళాక చూసుకోవాల్సినవి రాయలేదు. పక్కన పెద్దవాళ్ళెవరూ లేరు కాబట్టి ఈ భాగం నువ్వే గుర్తుపెట్టుకోవాలి తమ్ముడూ. గంటలోనే ప్యాడ్ నిండా రక్తం తడిసినా, తగ్గని తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, ఊపిరాడకపోయినా ఆగొద్దు. కాన్పులో బీపీ మామూలుగా ఉన్నవాళ్ళకి కూడా ఆ తరవాత ఆరు వారాల్లోపు పెరగొచ్చు. ఎమర్జెన్సీలో మొదటి మాటగా ‘ఇటీవలే కాన్పయింది’ అని చెప్పు, లేకపోతే వరసలో కూచోబెడతారు. బిడ్డకి 100.4 ఫారెన్‌హీట్ వస్తే ఏ మందూ వేయకుండా నేరుగా ఆసుపత్రికి.

ఏడుపు రెండు వారాలు దాటినా ఆగకపోతే, లేదా ఏడుపు కూడా రాకుండా ఆవిడ శూన్యంలోకి చూస్తూ ఉంటే, అది అలసట అనుకోకు. 1-833-852-6262కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం. తల్లుల మనసు కోసమే పెట్టిన ఫెడరల్ లైను. ఆవిడ తనకితానుగా హాని చేసుకునేలా మాట్లాడినా, బిడ్డ గురించి వింతగా మాట్లాడినా 911కే.

అడిగింది: కొత్తగా వచ్చిన జంట

అక్కయ్యలకి, అన్నలకి థాంక్స్. నిన్న ఆసుపత్రి చూసి వచ్చాం. రెండో లెవెల్ నర్సరీ. మత్తు డాక్టరు పగలు అక్కడే ఉంటారు, రాత్రిళ్ళు ఇంటినుంచి ఇరవై నిమిషాల్లో వస్తారట. ఇంకా పూర్తిగా తేల్చుకోలేదు గానీ ఇక్కడే అనుకుంటున్నాం. వార్డు మూసే ఆలోచన ఉందా అని అడిగితే ఆసుపత్రి చూపించినావిడ నవ్వి, ‘ఈ సంవత్సరం లేదు’ అంది. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను.

ఫైల్లో తెలుగు అని రాయించాం. ఇవాళ డాక్టరమ్మ దగ్గర మొదటిసారి ఫోన్లో ఇంటర్‌ప్రెటర్‌ని కలిపారు. అవతల పెద్దావిడ గొంతు, ‘చెప్పమ్మా’ అంది. మా ఆవిడ వరసగా ఏడు ప్రశ్నలడిగింది. వాటిలో అయిదు నేనిదివరకు ఎప్పుడూ వినలేదు. ఒకటి, రాత్రిళ్ళు వారం రోజులుగా కాళ్ళు వాస్తున్నాయని. డాక్టరమ్మ వెంటనే బీపీ మళ్ళీ చూశారు. మామూలుగానే ఉంది. ఇంటికొచ్చాక నాకెందుకు చెప్పలేదు అన్నాను. ‘నువ్వు వాళ్ళకి ఓకే అని చెప్పేస్తావుగా’ అంది.