రోమెల్, మాంట్‌గోమరీ: ఎల్ అలమీన్‌లో అసలు తేడా ఎక్కడ?

ఇసుకదిబ్బ:
రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో ఈజిప్టులోని ఎల్ అలమీన్ దగ్గర జరిగిన పోరు గురించి ఎక్కడ చదివినా జర్మన్ సేనాని రోమెల్ సాహసి, బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ అతి జాగ్రత్తపరుడు అనే ఉంటుంది. నాకది చాలడం లేదు. ఇద్దరూ ఆజ్ఞలు ఎలా ఇచ్చేవారు, పెట్రోలు లెక్క ఎలా చూసుకునేవారు? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతమ్యాపులు:
సేనాని ఎక్కడ ఉంటాడన్నదే అసలు తేడా అండి. రోమెల్ ముందువరసలో తిరిగేవాడు. పరిస్థితి కళ్లారా చూసి అక్కడికక్కడే నిర్ణయించేవాడు. అదే పద్ధతి 1941 నవంబర్ 24న బెడిసింది. లిబియాలో టోబ్రూక్ రేవు దగ్గరి సిదీ రెజెగ్‌లో పైచేయి రాగానే ఈజిప్టు సరిహద్దు కంచె వైపు దూసుకుపోయాడు, ట్యాంకు దళాల కమాండర్ క్రూవెల్‌ను కూడా వెంటబెట్టుకుని. రేడియో అందలేదు. ఈలోపు బ్రిటిష్ పక్షపు న్యూజీలాండ్ దళాలు టోబ్రూక్ వైపు వచ్చేస్తుంటే, కార్యాలయంలో మిగిలిన రోమెల్ స్టాఫ్ అధికారి వెస్ట్‌ఫాల్ తన పూచీ మీద 21వ పాంజర్ (ట్యాంకు) డివిజన్‌ను వెనక్కి పిలిచాడు.

మాంట్‌గోమరీ 1942 ఆగస్టు 13న బ్రిటిష్ 8వ ఆర్మీ పగ్గాలు పట్టగానే చీఫ్ ఆఫ్ స్టాఫ్ డి గింగాండ్ నోట వచ్చిన ఆజ్ఞ తన ఆజ్ఞేనని అందరికీ చెప్పేశాడు. తాను రాత్రి పెందలాడే పడుకునేవాడు. అక్టోబర్ 25 తెల్లవారుజామున మాత్రం లేపక తప్పలేదు: మితేరియా గుట్ట దగ్గర మైన్లలో (మందుపాతరల్లో) ట్యాంకులు ఇరుక్కుంటే, ఆపేద్దామని కింది కమాండర్లు అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. కానీ ఆ రోజే దాడి దిశను ఉత్తరాన తన ఆస్ట్రేలియన్ దళాలున్న వైపుకు తిప్పాడు. అంతా ముందే గీసుకున్న ప్లానేనని తర్వాత ఆయన చెప్పుకున్న మాట నమ్మకండి.

సప్లైలైన్:
పెట్రోలు సంగతి నేను చెబుతాను. జర్మన్ లెక్కలో ఒక యూనిట్ అంటే దళంలోని బండ్లన్నీ 100 కి.మీ. నడిచేంత. అక్టోబర్ 25న రోమెల్ ఆస్ట్రియాలో వైద్యం మధ్యలో తిరిగొచ్చేసరికి మిగిలింది మూడు యూనిట్లే. లిబియాలోని బెంఘాజీ రేవు నుంచి అలమీన్‌కి 1000 కి.మీ. పైనే, తెచ్చే లారీలే దారిలో కొంత తాగేస్తాయి. అలెగ్జాండ్రియా బ్రిటిష్ వాళ్లకు సుమారు 100 కి.మీ. రోమెల్ తిరిగొచ్చిన మరుసటి రోజే ఆయనకు పెట్రోలు తెస్తున్న ప్రొసెర్పినా ట్యాంకర్ ఓడ టోబ్రూక్ దగ్గర మునిగింది. చుట్టుతిరిగి కొట్టే ఆట రోమెల్‌ది. పెట్రోలు లేకపోతే ఆ ఆటే లేదు. పైగా ఉత్తరాన సముద్రం, దక్షిణాన ఖత్తారా లోయ, చుట్టుతిరగడానికి చోటేది?

ఇసుకదిబ్బ:
మరి మైన్లు దాటిందెలా?

పాతమ్యాపులు:
దాదాపు 5 లక్షల మైన్లు. ఎక్కువ ట్యాంకుల కోసం పెట్టినవే కాబట్టి మనిషి బరువుకు చాలావరకు పేలవు. అందుకే పదాతి ముందు నడిచింది, ఆ ఆపరేషన్‌కు లైట్‌ఫుట్ (తేలిక అడుగు) అన్న పేరూ అందుకే. వెనక ఇంజనీర్లు డిటెక్టర్లతో, అవి మొరాయిస్తే బయొనెట్‌తో (తుపాకీ చివరి కత్తితో) ఇసుకలో పొడిచి వెతుకుతూ 24 అడుగుల వెడల్పు దారి తీసి తెల్ల టేపు కట్టారు. ఒక్క ట్యాంకు ఆగిపోతే వెనక వరసంతా తెల్లారేదాకా అక్కడే, శత్రువు ఫిరంగులకు ఎదురుగా. మితేరియాలో జరిగింది అదే.

సప్లైలైన్:
మాంట్‌గోమరీ నిజంగా విఫలమైంది నవంబర్ 4 తర్వాత, వెనక్కి తగ్గుతున్న రోమెల్‌ను తరమడంలో. ఒకే ఇరుకు దారిలో అన్ని డివిజన్ల బండ్లూ కలగలిసిపోయాయి, 6న వాన పడి లారీలు బురదలో దిగబడ్డాయి. మెర్సా మత్రూహ్ దాకా వెళ్లిన 1వ ఆర్మర్డ్ డివిజన్ పెట్రోలు లేక ఆగిపోయింది. పెట్రోలు వెనకెక్కడో పుష్కలంగా ఉంది, ఇక్కడికి చేరలేదంతే. బండ్లు లేని ఇటాలియన్ పదాతిని దక్షిణాన వదిలేసి రోమెల్ మిగిలినవాళ్లతో జారుకున్నాడు.