గ్రిమ్‌షా సంజె వీధులు: సాధనా, సరుకా?

ప్రశ్న
ఇంగ్లండులోని లీడ్స్ నగరపు చిత్రకారుడు జాన్ అట్కిన్సన్ గ్రిమ్‌షా (1836–1893) గీసిన శివారు వీధుల్లో తరచుగా అదే తడిసిన బాట, అదే ఎత్తయిన ప్రహరీ గోడ, ఆకులు రాలిన చెట్లు, ఒంటరిగా నడిచిపోయే ఒక స్త్రీ కనిపిస్తాయి. కొనేవారి కోసం ఒకే అచ్చులో పోసిన సరుకుగా నాకు తోస్తున్నది. సభ్యులు ఏమంటారు?

జవాబు
అచ్చు ఒకటేనన్నది నేనూ కాదనను. అయితే ఆ గోడనూ చెట్లనూ కాసేపు పక్కన పెట్టి వెలుగును మాత్రమే చూడమని కోరుతున్నాను. పొద్దు గుంకాక ఆకాశంలో మిగిలే తేనెరంగునో, చంద్రుడు పైకి వచ్చాక పరుచుకునే ఆకుపచ్చ ఛాయనో, కిటికీలోంచి బయటపడే దీపపు వెలుగుతో కలిసి పలచబడిపోకుండా ఒకే పటంలో నిలబెట్టడం ఎంత కష్టమో రంగులు చేతపట్టినవారికి తెలుసు. బాట తడిగా ఉండడం కూడా అలంకారం కాదు. ఆకాశపు వెలుగును నేల మీదికి దించడానికి బండిచక్రాల గాడుల్లో నిలిచిన నీరే ఆయనకు సాధనం. ఇక ఆ గోడల వెనుక ఒక చరిత్ర ఉంది. మిల్లుల పొగకు దూరంగా ఉండాలని లీడ్స్ వర్తకులు హెడింగ్లీ, రౌండ్‌హే వంటి శివార్లలో తోటలతో బంగళాలు కట్టుకున్నారు. 1861లో రైల్వే గుమస్తా ఉద్యోగం వదులుకుని, సొంతంగా నేర్చుకున్న ఈ మనిషి తన ఊరిని మళ్లీ మళ్లీ చూశాడు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1890–91లో గడ్డివాములను పదేపదే గీస్తే దాన్ని పరిశోధన అంటున్నాం. గ్రిమ్‌షా విషయంలో మాత్రం వ్యాపారం అనడం న్యాయమేనా?

ప్రశ్న వేసినవారు
ఆ పోలిక నిలవదండీ. మోనే 1891లో పారిస్‌లో ఆ పటాలను ఒకచోట చేర్చి ప్రదర్శించాడు, చూసేవారు వాటిని పోల్చుకోగలిగారు. గ్రిమ్‌షా పటాలు ఎక్కువగా ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. కొన్నవారికి తేడా కనిపించే అవకాశమే లేనప్పుడు, ఆ తేడా కోసమే గీశాడని ఎలా నమ్మాలి?

జవాబు
మీరు చెప్పిన తేడా నిజమే, అక్కడ నా పోలిక తప్పింది. అయినా, అమ్మకమే లక్ష్యమైతే, ప్రాణం పోయే ముందరి శీతాకాలంలో, 1892–93లో, ఆయన బాగా అమ్ముడుపోయే ఆ వెన్నెల వీధులను విడిచి మంచు దృశ్యాల వైపు ఎందుకు తిరిగినట్టు? వాటిలో ఒకటి ‘మంచు, పొగమంచు’. దానికి ఉపశీర్షికగా ‘పసుపు మైనరులో ఒక కాప్రిస్’ అని పాశ్చాత్య సంగీతపు మాట కూడా తగిలించాడు (మైనరు ఒక రకం స్వరశ్రేణి, కాప్రిస్ స్వేచ్ఛగా సాగే సంగీత రచన). ఆ పటాన్ని చూసి మళ్లీ రాయండి.