లెపర్డ్ గెకో ట్యాంకులో నేల: టైల్సా, మట్టా, ఇసుకా? తేల్చండి

ఫ్రిస్కో_నాన్న
పాప తొమ్మిదో పుట్టినరోజుకి లెపర్డ్ గెకో అనే మచ్చల బల్లిని కొన్నాం. దుకాణంలో కుర్రాడు 10 గాలన్ల ట్యాంకు, ఎర్ర బల్బు, కింద పెట్టే హీట్ మ్యాట్, ఓ సంచెడు తెల్ల కాల్షియం ఇసుక అంటగట్టాడు. "తిన్నా అరిగిపోతుంది సార్, పైగా కాల్షియం" అన్నాడు. వారానికి వెట్ (జంతువుల డాక్టరు) దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ ముందు ఇసుక పారబోసి టైల్స్ వెయ్యమంది. ఆఫీసులో ఇవే పెంచే ఒకాయనేమో "టైల్స్ అంటే జైలు గది, మట్టి వెయ్యి" అంటాడు. ప్రస్తుతం పేపర్ టవల్ మీద ఉంది. రెండ్రోజులుగా తిండి సరిగ్గా తినట్లేదు.

ఇంకో గొడవ: అత్తయ్య వీడియో కాల్లో చూసి "మీద పడితే ఏ దోషమో పంచాంగం చూశావా?" అన్నారు. మనింటి బల్లికి ఉన్నట్టు దీనికి వేళ్ళ కింద అతుక్కునే మెత్తలు ఉండవు, అద్దం కూడా ఎక్కలేదు అని చెప్పా. నమ్మలేదు.

ఎడిసన్_రాజు
టైల్సే. పదకొండేళ్ళుగా మూడింటిని పెంచుతున్నా, అన్నీ స్లేట్ టైల్స్ మీదే. హార్డ్‌వేర్ షాపులో కొలత ఇస్తే కోసిస్తారు. గరుకువైపు పైకి ఉండాలి, నున్నటిదైతే కాళ్ళు జారతాయి. తడిగుడ్డతో తుడిస్తే పని అయిపోతుంది. పురుగు మీదికి దూకినప్పుడు నోట్లోకి మన్నూ మశానం పోదు. ఆ కాల్షియం ఇసుక మాత్రం వెంటనే బయట పడెయ్యండి. తడి తగిలితే గడ్డ కడుతుంది. కాల్షియం రుచికి అది నాకుతూనే ఉంటుంది.

లెస్టర్_లక్ష్మి
ఇసుక విషయంలో రాజు గారితో ఏకీభవిస్తాను, అక్కడితో సరి. ఇరవై ఏళ్ళు బతకగలిగే జీవాన్ని బాత్రూమ్ ఫ్లోరు మీద ఉంచడం నాకు మింగుడుపడదు.

మా ఇంట్లో నాలుగడుగుల చెక్క వివేరియం, అంటే బల్లిని పెంచే పెట్టె. ఎరువు కలపని తోటమట్టి 70 పాళ్ళు, పిల్లలు ఆడుకునే ఇసుక 30 పాళ్ళు, మూడంగుళాల మందం. నీళ్ళు చల్లి, అరచేత్తో గట్టిగా అదిమి, నాలుగైదు రోజులు ఎండనిచ్చాను. మన పల్లెటూళ్ళో మట్టి అరుగులా తయారైంది. మా చింటూగాడు రాయి పలక కింద సొరంగం తవ్వుకుని అందులోంచి తల ఒక్కటి బయటపెట్టి చూస్తాడు. శుభ్రం అంటారా? ఇవి ఒకటే మూల చూసుకుని అక్కడే వెళ్తాయి, చెంచాతో తీసేస్తే సరి. ఆడదైతే మగతోడు లేకపోయినా గుడ్లు పెట్టొచ్చు, తవ్వుకునే తడి చోటు లేకపోతే విలవిల్లాడుతుంది. టైల్‌ని ఏం తవ్వుతుంది?

ఎడిసన్_రాజు
అందుకు ఓ డబ్బాలో తడి నాచు పెడితే చాలు లక్ష్మిగారూ, కుబుసం విడవడానికి ఎలాగూ పెట్టాల్సిందే. కడుపులో ఇసుక పేరుకుని చచ్చిపోయిన వాటి ఎక్స్‌రేలు మీరు చూసినట్టు లేరు.

పాత_గాయం
నేను చూశాను. నాదే.

రెండేళ్ళది. వదులు ఇసుక మీద పెంచాను. తినడం మానేసింది, వేలంత లావు తోక పుల్లలా అయింది. ఎక్స్‌రేలో పేగునిండా తెల్లగా కనిపించింది. బతకలేదు. చాలా ఏళ్ళు ఇసుకనే తిట్టుకున్నా. తర్వాత ట్యాంకు ఇంకొకరికి ఇద్దామని సర్దుతుంటే హీట్ మ్యాట్ మీద చెయ్యి పెట్టా. చల్లగా ఉంది. ఎప్పుడు పాడైందో తెలీదు, ఆ చలికాలమంతా నేను చూసుకోలేదు. దీనికి తిన్నది అరగాలంటే కింద నుంచో పైనుంచో వేడి అందాలి. వేడి లేకపోతే పురుగే అరగదు, ఇక ఇసుకేం కదులుతుంది? ఏది చంపిందో ఇప్పటికీ చెప్పలేను.

మెల్‌బోర్న్_మూర్తి
ఇక్కడ ఆస్ట్రేలియాలో విదేశీ బల్లుల్ని పెంచడమే నిషేధం. మీ గొడవ చదువుకుని సంతోషిస్తున్నా. కానివ్వండి.

భీమిలి_బైరాగి
వీటి సొంత నేల సంగతి ఎవరూ ఎత్తలేదేం? పాకిస్తాన్ సాల్ట్ రేంజ్ కొండలు, అఫ్ఘనిస్తాన్, మన వాయవ్యం వైపు. ఎడారి జంతువు అనగానే అందరికీ ఇసుక తిన్నెలు గుర్తొస్తాయి. ఇది ఉండేది రాళ్ళు, తుప్పలు, గట్టిపడిన బంకమన్ను ఉన్నచోట. పగలు రాతి సందులో దూరి, మునిమాపువేళ బయటికొస్తుంది. అందుకే ఎర్రబల్బు దండగ. రాత్రి దానికి చీకటే కావాలి.

పనిలో పని: దీని చుట్టం మన ఆంధ్రా, ఒడిశా కొండల్లోనూ ఉంది. 2022లో కొత్త జాతిగా గుర్తించారు. ఇది చదివి అడవికెళ్ళి ఒకటి పట్టుకొద్దామని ఎవరైనా అనుకుంటే మాత్రం నా నోటికి పని చెప్పకండి. ట్యాంకుల్లో పుట్టి పెరిగిన జాతి వేరు, అడవిలోది వేరు.

లెస్టర్_లక్ష్మి
బైరాగి గారికి దండం. అయితే ఫ్రిస్కో నాన్నగారూ, మట్టి పోసే ముందు ఒక్కటి. హీట్ మ్యాట్ మీద మూడంగుళాల మట్టి వేస్తే వేడి పైకి రాదు. పైన చల్లగా ఉంటే అది వేడి వెతుక్కుంటూ అడుగు అద్దం దాకా తవ్వుకుని కడుపు కాల్చుకుంటుంది. నేల మారిస్తే వేడి కూడా మారాలి. మట్టికి పైనుంచి హాలోజన్ బల్బు, టైల్‌కి కింద మ్యాట్.

ఎడిసన్_రాజు
ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. నేను టైల్స్ దగ్గరే ఆగిపోవడానికి సగం కారణం ఇదే. ఇంతకీ వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ పెట్టారా? వెచ్చని గుహలో నేల మీద 88 నుంచి 92 ఫారెన్‌హీట్, రెండోవైపు 75 అటూఇటూ ఉండాలి. ట్యాంకుకి అంటించే గుండ్రటి మీటరు నమ్మొద్దు, అది గాలిని కొలుస్తుంది. టెంపరేచర్ గన్ కొనండి.

ఫ్రిస్కో_నాన్న
థర్మోస్టాట్ అనే వస్తువు ఉంటుందని దుకాణంలో ఎవరూ చెప్పలేదు. మ్యాట్ నేరుగా గోడ ప్లగ్గులో ఉంది. గన్ తెప్పించి గుహలో పెట్టి చూస్తే 104! తిండి మానడం కాదు, పాపం అది వెచ్చని వైపుకే పోవట్లేదు. నీళ్ళగిన్నెని కరుచుకుని పడుకుంటోంది. వెంటనే ప్లగ్గు పీకేశా.

పాత_గాయం
బతికించారు.

కోపంగా_కాదు
యూవీబీ లైటు (ఎండలోని అతినీలలోహిత కిరణాలిచ్చేది) మాటేంటి? 5 శాతంది పెడితే మంచిది కదా?

ఎడిసన్_రాజు
విటమిన్ డీ3 పొడి చల్లిన పురుగులతోనే పదకొండేళ్ళు లాగించా.

లెస్టర్_లక్ష్మి
లాగించడం వేరు. తక్కువ శాతంది పెట్టి, నీడ కూడా ఉంచితే దానికి కావలసినంత అదే తీసుకుంటుంది. తెల్లవి, అల్బినో రకాలైతే కళ్ళు చెదురుతాయి, జాగ్రత్త. దీనికి వేరే చర్చ తెరుద్దాం, ఇక్కడే మొదలైతే సంక్రాంతిదాకా తెగదు.

ఫ్రిస్కో_నాన్న
మూడు వారాల తర్వాత వచ్చా. ముందు థర్మోస్టాట్ పెట్టి 90 దగ్గర నిలిపా, నాలుగోరోజుకి కీచురాళ్ళు తినడం మొదలెట్టింది. వెట్ పేడ పరీక్ష చేసి పరాన్నజీవులు లేవన్నాక 36 అంగుళాల పొడవు ట్యాంకు కొన్నా. రాజు గారికి కోపం రాకుండా వెచ్చని వైపు స్లేట్ పలక, పైన హాలోజన్. మిగతాదంతా లక్ష్మిగారి మట్టి. మ్యాట్ పెట్టెలో పడేశా. పురుగులు గిన్నెలోనే.

నిన్న సాయంత్రం ఏడున్నరకి లైటు ఆరగానే పలక అంచున తవ్వడం మొదలెట్టింది. ముందుకాళ్ళతో మట్టి లాగడం, ఆగి చుట్టూ చూడటం, మళ్ళీ లాగడం. పాప హోంవర్కు వదిలేసి అరగంట నేల మీదే కూచుంది. వీడియో తీసి అత్తయ్యకి పంపా. రాత్రి ఫోన్ వచ్చింది. దోషం ఊసే లేదు.

"ఒరే, దీనికి కంటిరెప్పలు ఉన్నాయేంట్రా?" అన్నారు.