గ్యాస్ మానేస్తే 5 కిలోవాట్ల సోలార్ కావాలా?

హన్మకొండ వాసి: వంట మొత్తం ఇండక్షన్ మీదికి మార్చుదామనుకుంటున్నాం. ఇప్పుడు నెలకి 190 యూనిట్లు కాలుతోంది. పాత ఫ్యాన్లు నాలుగు, రోజుకి 14 గంటలు తిరుగుతాయి. ఏసీ లేదు. సిలిండర్ 50 రోజులు వస్తుంది. కాంట్రాక్టెడ్ లోడ్ (మా కనెక్షన్‌కి మంజూరైన లోడ్) 3 కిలోవాట్లు. సోలార్ వాళ్లు 5 కిలోవాట్లు వేయించుకోమంటున్నారు. అంత అవసరమా?

లెక్కల మీటరు: అక్కర్లేదండి, ముందు ఫ్యాన్లు మార్చండి. 14.2 కిలోల సిలిండర్‌తో అయ్యే వంటకి ఇండక్షన్‌ మీద 125–130 యూనిట్లు పడుతుంది. మీ వాడకానికి నెలకి 77 అనుకోండి. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ (కరెంటు తక్కువ తినే కొత్తరకం మోటారు ఫ్యాన్) ఫుల్ స్పీడులో కూడా 30 దగ్గరే. నాలుగింటి మీద నెలకి 75 యూనిట్లు మిగులుతాయి. చెల్లుకు చెల్లు!

ఫ్యాన్లు అలాగే ఉంచి వంట మారిస్తే 267కి పోతారు. తెలంగాణలో 200 దాటితే పై యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచే రేటు పెరుగుతుంది. గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) ఉంటే ఆ నెల అదీ పోయినట్టే.

వైరింగ్ బాబాయ్: బీఎల్‌డీసీ బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్ తీసేసి స్విచ్ నుంచి డైరెక్ట్ కనెక్షన్ ఇప్పించండి. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు. స్పీడు తగ్గించి పెట్టారంటే ఫ్యాన్‌లోని ఎలక్ట్రానిక్ బోర్డు కాలిపోవచ్చు, వారంటీ కూడా ఇవ్వకపోవచ్చు.

2000 వాట్ల ఇండక్షన్ 8.7 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికే ఒక ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. గిన్నెలకి అయస్కాంతం అడుగున పెట్టి చూడండి, గట్టిగా అంటుకోకపోతే పనికిరావు.

హన్మకొండ వాసి: గీజర్ కూడా 2000 వాట్లదే. లోడ్ పెంచుకోవాలా?

లెక్కల మీటరు: రెండూ ఒకేసారి వేస్తేనే 4 కిలోవాట్లు. మీటరు గరిష్ఠ డిమాండ్ (ఆ నెలలో లాగిన అత్యధిక లోడ్) రాసుకుంటుంది, 3 దాటితే అదనపు లోడ్‌కి డబ్బు కట్టమంటారు. స్నానాలయ్యాక స్టవ్ వెలిగించండి, పెంచక్కర్లేదు.

ఇక సోలార్. కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు, అంటే 2 కిలోవాట్లు నెలకి 240 ఇస్తాయి. మీకు అదే ఎక్కువ. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 2 కిలోవాట్లకి 60,000, మూడుకి 78,000, ఆపైన ఎంత పెట్టినా అంతే. ఐదు వేయిస్తే చివరి రెండూ పూర్తిగా మీ జేబులోంచే. గృహజ్యోతి వస్తుంటే మాత్రం ఇప్పుడు సోలార్ జోలికే పోకండి.

వైరింగ్ బాబాయ్: సిలిండర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కరెంటు పోతే ఇంట్లో మామూలు ఇన్వర్టర్ మీద ఇండక్షన్ నడవదు. పుల్కాలు పొంగించాలన్నా మంటే కావాలి మరి.