సమస్య: సిల్లి యనిన మురిసె సీమ బామ్మ

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. "సిల్లి" అంటే ఎవరికైనా ఒళ్ళు మండాలి గదా, బామ్మ ఎందుకు మురిసింది? ఇంగ్లీషు నిఘంటువులో పాత అర్థాలు కూడా చూసి మరీ పూరించండి.

పప్పుచారు: సీమ అంటే మా రాయలసీమా, దొరల సీమా?

నిర్వాహకుడు: సీమచింత పేరులో ఉన్న సీమ, అంటే దొరల సీమే అనుకున్నాను. మీ సీమ అయినా అభ్యంతరం లేదు.

శనివారంసంత:

పూర్వ కాలమందు పుణ్యవతి యటన్న
యర్థ మిచ్చు మాట యదియె గాదె
తెలిసి మనుమ డొకడు దీవెనగా నేడు
సిల్లి యనిన మురిసె సీమ బామ్మ

నిర్వాహకుడు: కీలకం పట్టేశారు. పాత ఇంగ్లీషులో ఈ మాట "సేలిగ్". ధన్యుడు, దేవుడి దయ గలవాడు అని అర్థం. ధన్యుడు కాస్తా అమాయకుడయ్యాడు, అమాయకుడు అయ్యోపాపం అనిపించేవాడయ్యాడు, 16వ శతాబ్దం చివరికి తెలివితక్కువవాడై కూర్చున్నాడు. జర్మన్ వాళ్ళ దగ్గర మాత్రం దీని తోబుట్టువు "జేలిగ్" ఇప్పటికీ ధన్యుడే. మనకూ ఇలాంటిదే ఉంది. వేదం చదివిన ఛాందసుణ్ణి చాదస్తపు మనిషిని చేసేశాం.

పద్యంలో గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. ఒక్కటే ఇబ్బంది: మనవడు బామ్మను దీవించడం ఏమిటండీ! మూడో పాదం "తెలిసి మనుమ డొకడు తీయని గొంతుతో" అంటే సరిపోతుంది.

శనివారంసంత: నిజమే గురువుగారూ, యతి కోసం "దీ" వెతుక్కుంటూ వరస మరిచాను.

పప్పుచారు: మాది రాయలసీమ బామ్మ.

వినికి మంద మాయె, వీడియో కాలులో
మనుమ రాలు నవ్వి మాట లాడె
చెల్లి యనుచు దోప చెవులకు నప్పుడు
సిల్లి యనిన మురిసె సీమ బామ్మ

శనివారంసంత: ఎనభై ఏళ్ళ బామ్మను చెల్లీ అంటే మురవదూ మరి!

నిర్వాహకుడు: పాత అర్థం జోలికి పోకుండా తప్పించుకున్నారు. అయినా నవ్వించారు కాబట్టి వదిలేస్తున్నా. "చెవులకు నప్పుడు" దగ్గర సంధి బాగా కుదిరింది.

రెండోబెంచి:

నైసు వనిత వనిన నాడు కోపము వచ్చె
మూర్ఖ యనుట దాని మొదటి భావ
మగుట, ధన్య యనెడి మంచి యర్థము నెంచి
సిల్లి యనిన మురిసె సీమ బామ్మ

నిర్వాహకుడు: ఈ వారానికి నాకు నచ్చిన పూరణ ఇదే. నైస్‌కు మూలం లాటిన్ "నెస్కియస్", అంటే ఏమీ తెలియనివాడు. 1300 ప్రాంతంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అది తిట్టే. తర్వాత సుకుమారం, నాజూకు, సూక్ష్మం అంటూ తిరిగి తిరిగి 18వ శతాబ్దానికి "బాగుంది" అయింది. సిల్లి దిగింది, నైసు ఎక్కింది. మీరు రెంటినీ ఒకే పద్యంలో ఎదురెదురుగా నిలబెట్టారు. నై-నా యతి ఎలా చెల్లుతుందని ఎవరైనా అడుగుతారేమో, ఐ, ఆ ఒకే వర్గం.

పప్పుచారు: "సభికులు" కూడా నైసు లాగే పైకొచ్చిందిగా. ఒకప్పుడు జూదం ఆడించేవాళ్ళు, ఇప్పుడు సభలో ముందు వరస కుర్చీల్లో పెద్దలు.

వేపచెట్టు: కొత్తవాణ్ణి, తప్పులుంటే మన్నించాలి.

దౌ యటంచు బిలిచి దయ మర్యాదలతోడ
పలుకరించి నంత పరవశించి
పాత మాట గూడ ప్రాణమై తోపగ
సిల్లి యనిన మురిసె సీమ బామ్మ

నిర్వాహకుడు: మొదటి పాదంలో నాలుగో గణం చూడండి. "దయ మర్యా" అంటే రెండు లఘువులు, రెండు గురువులు. అక్కడ ఇంద్రగణం రావాలి, ఇంద్రగణాల్లో అలాంటిది లేదు. మూడో పాదం పద్యం నిండటానికే వచ్చినట్టుంది.

రెండోబెంచి: నాకు గణం కంటే "దౌ" (thou) తో పేచీ. ఇంగ్లీషు ప్రార్థనల్లో వినీ వినీ దాన్ని గౌరవ వాచకం అనుకుంటాం. అది మన "నువ్వు". మర్యాదకు "యూ" వాడేవాళ్ళు. 1603లో ఇంగ్లండులో వాల్టర్ రాలీ అనే ప్రముఖుడి మీద రాజద్రోహం విచారణలో ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్, నిన్ను దౌ అనే అంటానురా ద్రోహీ అన్న ధోరణిలో విరుచుకుపడ్డాడు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళయితే 17వ శతాబ్దంలో ఎంత పెద్దవాణ్ణయినా దౌ అనే పిలిచి చీవాట్లు తిన్నారు.

వేపచెట్టు: అయ్యో, బామ్మను నువ్వు అన్నానన్నమాట!

పప్పుచారు: మేమంతా బామ్మను నువ్వనే అంటాం. మీరు అంటే ఆవిడకు కోపం వస్తుంది.

వేపచెట్టు: అయితే దౌ ఉంచేసి మర్యాద తీసేస్తాను.

దౌ యటంచు బిలిచి దగిన చనువుతోడ

నిర్వాహకుడు: గణం, యతి, బామ్మ, మూడూ కుదిరాయి. మూడో పాదం మాత్రం ఇంకా ఊరికే కూర్చునుంది. రేపటికి దానికీ ఏదైనా పని చెప్పండి.