వెంగెన్‌లో ఇల్లు దొరకలేదు, చిన్నపిల్లలతో స్కీయింగ్‌కి ఎక్కడ ఉండాలి?

మేం మ్యూనిక్‌లో ఉంటాం. ఫిబ్రవరిలో స్కూలు సెలవుల వారానికి స్విట్జర్లాండ్‌లోని వెంగెన్ వెళ్దామనుకున్నాం. కార్లు తిరగని ఊరు, కొత్తగా నేర్చుకునేవాళ్ళ వాలు ఊరి మధ్యలోనే ఉంది. పాపకి 5, బాబుకి 8. ఇద్దరికీ స్కీయింగ్ ఇదే మొదలు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు.

అపార్ట్‌మెంట్లు శనివారం నుంచి శనివారానికే ఇస్తున్నారు. ఏడుగురు ఓనర్లకి రాశాను, ఆ వారం ఎక్కడా ఖాళీ లేదు. ఇక మిగిలింది కింద లౌటర్‌బ్రునెన్‌లో ఉండి రోజూ పావుగంట రైల్లో పైకెళ్ళడం, లేదంటే లోయకి అవతల 1,638 మీటర్ల ఎత్తున ఉన్న మ్యురెన్. అక్కడా కార్లుండవు గానీ, వాలులు బాగా నిటారుగా ఉంటాయంటున్నారు.

నిన్న పాపకి స్కీ బూట్లు తొడిగి చూశాం. నాలుగడుగులేసి నేల మీద కూర్చుండిపోయింది. వాటితో రోజూ రైలెక్కించడం నాకైతే భయమే.

ఈ వయసు పిల్లలతో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి: రెండింట్లో ఏది నయం?